జనం బండి, సరుకు బండి

హెవీ లైసెన్సు అందరికీ ఒకటే. కాని దాని మీద ఏ ముద్ర పడుతుందన్న దాన్ని బట్టి డ్రైవరు బతుకు తేలిపోయేది. సరుకు లారీ తోలేవాడికి ఒక ముద్ర. జనాన్ని ఎక్కించుకునే బస్సు తోలేవాడికి వేరే ముద్ర, దాంతో పాటు జేబు మీద తగిలించుకునే ఇత్తడి బిళ్ళ. రెండూ వేయించుకుంటే పోయేది కదా అని ఇప్పటి కుర్రాళ్ళు అడుగుతారు. కాగితం మీద వేయించుకోవచ్చు. కాని మా వైపు బస్సు ఓనర్లు లారీ డ్రైవరుగా పేరు పడ్డవాణ్ణి గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. వాడు తాగుతాడని, గొయ్యి చూడడు మెట్ట చూడడని, నోరు మంచిది కాదని. లారీవాళ్ళకి బస్సువాణ్ణి చూస్తే నవ్వు. గడియారం చూసుకుంటూ తోలే గుమస్తా అని, ఘాటు రోడ్డు ఎక్కమంటే వాడికి ముచ్చెమటలు పోస్తాయని. కాబట్టి మొదట ఏ సీట్లో కూర్చుంటే చాలామందికి చివరిదాకా అదే సీటు. అరవైలు అయిపోవస్తున్న రోజుల్లో, నాకు మీసం గట్టిపడిన కొత్తలో, ఆ రెండింట్లో ఏది అన్న దాని మీద మా ఇంట్లో పెద్ద రగడ జరిగింది. నేను బస్సే అన్నాను. ఎందుకన్నానో చెబితే మీకు నవ్వొస్తుందేమో. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే వచ్చే చేపలవాళ్ళ వాడ. నాన్న తెప్ప మీద వేటకి పోయేవాడు. ఒడ్డున ఉన్నప్పుడు వల ముందేసుకుని కూర్చునేవాడు తప్ప ఇంటి సంగతుల్లో నోరు విప్పి ఎరగడు. ఇల్లు నడిపింది అమ్మ. తెప్పలు ఒడ్డుకి తగలగానే నెత్తళ్ళో కవళ్ళో, ఏ చేపలు పడితే అవి గంపకెత్తుకుని, నెత్తి మీద చుట్టకుదురు సర్దుకుని, ఎండ ముదరకముందే మెట్ట ఊళ్ళకి పరుగులాంటి నడక నడిచేది. చేప ఎవరి కోసమూ ఆగదు. ఎండెక్కితే మెత్తబడుతుంది, మెత్తబడితే రైతులింటి ఆడవాళ్ళు వేలితో నొక్కి చూసి మూతి ముడుస్తారు. తీసుకున్నవాళ్ళు వడ్లో చోళ్ళో కొలిచి పోసేవారు. అంచేత పోయేటప్పుడు చేపల బరువు, వచ్చేటప్పుడు గింజల బరువు. నెత్తి ఖాళీగా ఉన్న నడక ఆవిడకి ఎప్పుడూ లేదు.

నేను ఎనిమిదో తరగతి చదివే నాటికే ఆవిడ మెడ వెనక నరం పట్టేసింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తల ఒక్కటే తిప్పలేక మనిషంతా తిరిగేది. వాడలో పిల్లలు దాన్ని ఆడి చూపించి నవ్వేవారు. వాళ్ళలో ఒకణ్ణి పట్టుకుని ఇసకలో పొర్లించి కొట్టాను. ఆవిడేమో రాత్రికి వేడి ఉప్పు మూట కాపడం పెట్టుకుని, పొద్దున్నే మళ్ళీ గంప ఎత్తుకునేది. అదే దారిన బస్సు పోయేది. కాని చేపల గంపల్ని చూస్తే బస్సు ఆగేది కాదు. దుమ్ము కొట్టి పోయేది. ఆ దుమ్ములోంచి అమ్మ రావడం చూసిన ప్రతిసారీ, ఈ బస్సుని ఎప్పటికైనా నేను తోలాలి, దీన్ని మా అమ్మ ముందు ఆపాలి అనుకునేవాణ్ణి. నా ఆశంతా అంతే. అంతకు మించి పెద్ద ఆశలు నాకు ఏ రోజూ లేవు.

తోలడం నేర్చుకున్నది మాత్రం లారీ మీద. అమ్మ తమ్ముడు, మా మావ, నౌపడ ఉప్పు కొఠారుల నుంచి ఉప్పు తోలే లారీకి డ్రైవరు. నన్ను క్లీనరుగా పెట్టుకున్నాడు. నౌపడలో ఉప్పు నింపుకుని పార్వతీపురం, సాలూరు మీదుగా కొండలెక్కి ఒరియా దేశంలో దింపేవాళ్ళం. వచ్చేటప్పుడు చింతపండో అడ్డాకులో. ఉప్పు లారీ ఇనుముని తినేస్తుంది, మనిషి కాళ్ళనీ తినేస్తుంది. నా పాదాల పగుళ్ళు ఆనాటివే. చదును రోడ్డు వచ్చినప్పుడు మావ స్టీరింగు నా చేతికిచ్చి, పక్కన కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. గేరు సరిగా పడక కిర్రుమంటే, నా వీపు మీద ఒక్కటి వేసేవాడు. అలా దెబ్బలు తిని నేర్చుకున్న గేర్లు ఈ రోజుకీ మరిచిపోలేదు. పని నేర్పడంలో మావ లాంటి మనిషి లేడు, ఆ మాట ఒప్పుకుంటాను.

నాకు లైసెన్సు ఈడు రాగానే మావ మా ఇంటికొచ్చాడు. వాళ్ళ ఓనరు రెండో లారీ కొంటున్నాడట, ఆ సీటు నాకే అడిగి పెట్టాడట. గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, చెయ్యి తిప్పుతూ చెప్పాడు.

"ఒరే అల్లుడా, లారీ తోలినావంటే దేశం సూత్తావు. బస్సులో ఏటున్నాది? శ్రీకాకులం, శ్రీకూర్మం, మళ్ళా శ్రీకాకులం. గానుగెద్దులాగ తిరగడమే."

అమ్మ నెత్తళ్ళు ఎండబెడుతోంది. చెయ్యి ఆపకుండానే అందుకుంది. "దేశం సూసినోడివి నువ్వున్నావు కదా తమ్ముడా. ఏటి సూసినావో సెప్పు. సారా కొట్లు సూసినావు. కొండల కాడ పోలీసోళ్ళు లారీ ఆపీసి నిన్ను కింద కూకోబెట్టినారంట, అదీ సూసినావు."

అది నిజమే. అప్పటికే కొండల వైపు గొడవలు మొదలయ్యాయి. పోలీసులు లారీల్ని ఆపి, మూటలు విప్పించి, అడివిలో ఎవరికి ఏం దింపుతున్నారని అడిగేవారు. మావ మొహం ముడుచుకున్నాడు.

"అదేటప్పా అలాగంటావు? ఆ లారీ కూడే కదా నా పిల్లలు తింటన్నారు?"

"నీ కూడు నాను కాదన్నేదు. నా కొడుకు మాత్రం బస్సే తోలాల. కాకీ సొక్కా ఏసుకోవాల. బిళ్ళెట్టుకోవాల. ఆడి కోసం జనం రోడ్డు మీద నిలబడి ఎదురు సూడాల."

ఆ మాట వినగానే నా గుండె ఉప్పొంగిపోయింది. మనసులో ఉన్నది ఆవిడకి చెప్పలేదు, ఆవిడే కనిపెట్టేసింది అనుకున్నాను. రోడ్డు మీద నిలబడి ఎదురు చూసే ఆ జనంలో గంపతో ఆవిడా ఉంటుంది, నేను బస్సు ఆపుతాను, ఇద్దరిదీ ఒకే ఆశ అనుకున్నాను. మావతో కరాఖండీగా చెప్పేశాను, నాకు బస్సు ముద్రే కావాలని. మావ లేచి పంచె దులుపుకున్నాడు.

"జనాన్ని తోలడం ఉప్పు తోలినట్టు కాదురా. ఉప్పు నిన్ను తిట్టదు," అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు మా గడప తొక్కలేదు.

బస్సు ముద్ర లారీ ముద్రలా తేలిగ్గా పడేది కాదు. కంటిచూపు బాగుందని డాక్టరు రాసివ్వాలి. నడవడి మంచిదని పోలీసులు విచారించాలి. ఆ విచారణకని ఒక కానిస్టేబులు సైకిలేసుకుని మా వాడకి వస్తే సగం మంది మగవాళ్ళు తెప్పలేసుకుని సముద్రంలోకి పోయారు. ఏ పని మీద వచ్చాడో కూడా అడగలేదు. అమ్మ ఒక్కతే ఎదురెళ్ళి, నులకమంచం వాల్చి, "మా గుంటడు సీమకి కూడా అపకారం సెయ్యడు బాబూ" అని చెప్పి, వెళ్ళేటప్పుడు ఎండు నెత్తళ్ళు మూట కట్టి ఇచ్చింది. నా నడవడి మంచిదని తేలిపోయింది.

పరీక్ష శ్రీకాకుళంలో. బ్రేకు ఇనస్పెక్టరు టోపీ తీయకుండా బండిలో నా పక్కనే కూర్చున్నాడు. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమన్నాడు, డ్రమ్ముల మధ్య నుంచి వెనక్కి తియ్యమన్నాడు, కిటికీలోంచి చెయ్యి పెట్టి సైగలన్నీ చూపించమన్నాడు. ఏదీ తప్పలేదు. చివర్లో, "లారీ మీద నేర్చుకున్నవాడివి, బస్సు ముద్ర ఎందుకయ్యా నీకు?" అని అడిగాడు. జనాన్ని ఎక్కించుకోవాలని ఉందండీ అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "సరుకంటే నోరెత్తదు. జనం అలా కాదు, గుర్తుంచుకో," అని సంతకం పెట్టాడు. అప్పుడు అది గొప్ప మాటలా తోచింది. బస్సులో ఎవరు నోరెత్తుతారో, ఎవరు సరుకులా నోరు మూసుకుని పడుంటారో ఆయనకేం తెలుసు? ఎప్పుడైనా గంపెత్తుకుని బస్సు కోసం నిలబడ్డాడా?

శ్రీకాకుళంలో ఒక బస్సు ఓనరు నన్ను పెట్టుకున్నాడు. మా వాడ మలుపు దాకా వచ్చి, శ్రీకూర్మం మీదుగా తిరిగి పట్నం పోయే బస్సు అది. నా అదృష్టం చూసి నేనే మురిసిపోయాను. మొదటి రోజు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, హారను మోగించుకుంటూ మా మలుపుకి వచ్చాను. ఆడవాళ్ళు గంపలతో దారెమ్మట నడుస్తున్నారు. ఎప్పటిలాగే పక్కకి తప్పుకున్నారు. నేను ఆపాను. ఎవ్వరూ కదల్లేదు. బస్సు చెడిపోయింది అనుకున్నారట. నేను దిగి, ఎక్కండర్రా అంటే అప్పుడు నవ్వులు, కేకలు, తోపులాట. కండక్టరు పెద్దవాడు, ఆ రూట్లో పాత మనిషి. ఆయన నా వైపు ఒకసారి అదోలా చూసి టిక్కెట్లు కొట్టాడు. గంపలన్నీ టాపు మీదికి ఎక్కించాం.

అమ్మ మాత్రం రోడ్డు పక్కనే నిలబడి ఉంది.

"ఎక్కవేంటమ్మా?"

"నాను ఎక్కకూడదురా. కొడుకు తోలే తెప్ప తల్లి ఎక్కితే అరిష్టం."

"ఇది తెప్ప కాదమ్మా, బస్సు!"

"నీల్ల మీద పోతే ఏటి, నేల మీద పోతే ఏటి? తోలతన్నది నువ్వు కదా. ఎల్లు, జనం సూత్తన్నారు."

మా వాడలో ఆడవాళ్ళు తెప్ప ఎక్కరు. కొత్త తెప్పని నీళ్ళలోకి దించేటప్పుడు దగ్గరికి కూడా రారు, దూరంగా నిలబడి దణ్ణం పెడతారు. అంచేత ఆవిడ మాట నేను నమ్మాను. పాతకాలం మనిషి, భయం, నాలుగు రోజులు పోతే తనే ఎక్కుతుందిలే అనుకున్నాను. కాని ఉసూరుమనిపించింది. వాడలో ఆడవాళ్ళందరూ ఎక్కారు, ఎవరి కోసం ఆపానో ఆవిడ తప్ప. అద్దంలో చూస్తే నడిచి వస్తోంది.

ఆ సంబరం కూడా ఎన్నాళ్ళో సాగలేదు. శ్రీకూర్మంలో దర్శనం చేసుకుని ఒక బుగత కుటుంబం మా బస్సెక్కింది. మెట్ట ఊరి భూస్వాములు. ఇల్లాలు కిటికీ దగ్గర కూర్చుని, ఒళ్ళో ప్రసాదం బుట్ట పెట్టుకుంది. టాపు మీది గంపల్లోంచి చేపల నీరు కారి, గాలికి లోపలికి కొట్టి, సరాసరి ఆ బుట్టలో పడింది. ఇంకేముంది! బస్సంతా గంగవెర్రులెత్తిపోయింది. బుగత నా వీపు వెనక నిలబడి, బండి ఆపమని అరిచాడు. ఆపాను. నలుగురు కలిసి టాపెక్కి గంపల్ని కిందికి విసిరేశారు. కవళ్ళు రోడ్డంతా పడ్డాయి. ఆడవాళ్ళు ఏడుస్తూ, తిడుతూ, దుమ్ములోంచి ఏరుకున్నారు. ప్రసాదం మీద చేపల నీరు పడటం మంచి పనని నేను అనను. కాని ఆ ఇంటికి వారం వారం కానాగంత చేపలు మోసుకెళ్ళి ఇచ్చేది మా అమ్మే. ఆ ఇల్లాలు ఏరి ఏరి పెద్దవి తీసుకునేది. పొయ్యి మీద ఉంటే పులుసు, బస్సు మీద ఉంటే నీచు వాసన!

మర్నాడు ఓనరు షెడ్డుకి పిలిపించాడు. మంచి మనిషే, కేకలు వెయ్యలేదు. అదే ఇంకా మండించింది.

"గంపలు ఎక్కించకూడదని నీకెవరూ సెప్పలేదేటి?"

"గంపతో మనిషి కూడా ఉందండి. టిక్కెట్టు కొన్నది."

"మనిషిని ఎక్కించుకో, ఎవడొద్దన్నాడు? గంప ఎక్కకూడదు."

"గంప లేకుండా పోయేదైతే ఆవిడకి బస్సెందుకండి?"

ఆయన నవ్వాడు. "అదే నానూ అంటన్నాను. ఇది జనం బండిరా. సరుకు తోలాలని సరదాగా ఉంటే లారీ ముద్ర ఏయించుకోవలసింది."

ఆ మాట బుర్రలో దిగబడిపోయింది. చట్టంలో బళ్ళు రెండు రకాలు, మనుషులవి, సరుకువి. నెత్తి మీద గంప ఉన్న ఆడమనిషి ఏ రకం కిందికి వస్తుందో లైసెన్సులో ఎక్కడా రాయలేదు. లారీలో ఎక్కితే మనిషివి, దిగు అంటారు. బస్సులో ఎక్కితే సరుకువి, దిగు అంటారు. మా వాడలో ఆడవాళ్ళ కోసం ఈ దేశంలో ఎవడూ బండి చెయ్యలేదు. రోడ్డు పక్క దుమ్ము ఒక్కటే వాళ్ళది. అది ఓనరుకి చెప్పాలనే ఉంది. తల ఊపి వచ్చేశాను. నేను కొత్తవాణ్ణి, ఆయన షెడ్డు ముందు బిళ్ళలు పెట్టుకుని నౌకరీ కోసం తిరిగేవాళ్ళు ఎప్పుడూ ఉండేవారు.

ఆ రోజు నుంచీ మలుపులో ఆపడం మానేశాను. వాడలో నాకు మర్యాద బ్రహ్మాండంగా జరిగింది. నీళ్ళ కుండతో ఎదురైన ఆడవాళ్ళు ఉమ్మేసేవారు. "ఓలమ్మ, బిళ్ళెట్టుకున్న కాడ్నుంచి కళ్ళు నెత్తికెక్కినాయి గుంటడికి. నాలుగు రోజులు ఎక్కించుకున్నాడు, నీచు వాసనేసినాది, దింపీసినాడు," అని నాకు వినబడేలా అనేవారు. దింపింది నేను కాదని ఎంత చెప్పినా చెవినేసుకోలేదు. స్టీరింగు ఎవడి చేతిలో ఉంటే తప్పు వాడిది. ఓనరు వాళ్ళకి కనపడడు కదా.

అమ్మ మాత్రం రోజూ ఎక్కడో ఒకచోట ఎదురయ్యేది. హారను వినగానే గట్టు దిగి నిలబడేది. పెద్ద కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. నేను గేరు తగ్గించి, దుమ్ము లేవకుండా నెమ్మదిగా దాటించేవాణ్ణి. వెనక నుంచి ఎవడో ఒకడు, "ఏటి డ్రైవరూ, నిద్రపోతన్నావేటి?" అనేవాడు. వాడి పీక నులమాలనిపించేది.

ఆ వేసవి మొదట్లోనే నాకు విసుగొచ్చేసింది. ఎందుకోసం బస్సెక్కానో ఆ పనే జరగనప్పుడు ఈ కాకీ చొక్కా నాకెందుకు? నౌపడ వెళ్ళి మావని పట్టుకున్నాను. మావ మొహం తిప్పుకుని చుట్ట వెలిగించాడు. చివరికి, "మా ఓనరు బస్సోళ్ళని తీసుకోడు. నా అల్లుడని కాళ్ళు పట్టుకుంటాను. రెండో లారీ సీటు ఇంకా ఎవులికీ ఇవ్వనేదు. బేగి తేల్చుకో," అన్నాడు. పైకి అలా అన్నాడు గాని, కళ్ళల్లో సంతోషం దాచుకోలేకపోయాడు. మావ అంతే, నోరు చేదు, మనసు కాదు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. ఆవిడ గింజలు చెరుగుతోంది.

"బస్సు మానేస్తున్నానమ్మా. మావతో లారీకి పోతాను. మన రోడ్డు మీద ఖాళీగా పోయేటప్పుడు నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటాను. గంప వెనక పడేస్తాను. అడిగేవాడు లేడు."

చేట కింద పెట్టేసింది. తల తిప్పలేదు, మనిషంతా నా వైపు తిరిగింది.

"నాను బండెక్కడానికి నిన్ను డ్రైవర్ని సేసినానేటి?"

"మరెందుకు చేశావు?"

"ఒరే, ఆ బుగతోరింట్లో మొన్నటిదాకా నన్ను ఏటని పిలిసీవోరో తెలుసా? 'ఒసే సేపలదానా, అక్కడే నిలబడు' అనీవోరు. ఇప్పుడు 'డ్రైవరు తల్లొచ్చినాది' అంటన్నారు. అరుగు మీద కూకోమంటన్నారు. ఆ ఇల్లాలు తన సేత్తో మజ్జిగిచ్చినాది. కుంచం నిండా పోత్తన్నారు గింజలు. నాను నడిసిన కాడల్లా నీ బస్సు గురించి అడుగుతన్నారు. లారీ డ్రైవరు తల్లినని సెప్పుకుంటే ఎవుడిత్తాడు నాకు మజ్జిగ?"

"మరి ఆ బస్సు నువ్వెందుకు ఎక్కవు? గంప లేకుండానైనా ఒక్క రోజు ఎక్కావా?"

"ఎలాగెక్కుతాను? గంప దించినా నా ఒంటి వాసన ఎక్కడికి పోతాది? ఆ బస్సులో పట్నపోళ్ళుంటారు. డ్రైవరు తల్లి సేపలమ్ముకునీది అని తెలిత్తే నీకు ఇలువేటుంటాది?"

"తెప్ప, అరిష్టం అన్నావు కదా?"

"నువ్వు ఊరుకోవని సెప్పినాను."

ఆ గుమ్మంలో, చేట పక్కన, నా బస్సు ముద్ర అర్థమేమిటో తెలిసింది. నేను తోలేది ఆవిణ్ణి మొయ్యడానికి అనుకున్నాను. ఆవిడకి కావలసింది మొయ్యడం కాదు, నా బస్సు పేరు చెప్పుకుని ఒక అరుగు మీద కూర్చోవడం. అందుకోసం ఇంకా ఎన్ని మైళ్ళయినా నడుస్తుంది. పైగా ఆ నడక నా కంట పడుతూ ఉండాలి, నేను పలకరించకూడదు. ఎంత కోపం వచ్చిందంటే, ఆ చేట తన్నేసి బయటికి పోయాను. ఆ మజ్జిగ పోసిన ఇల్లాలి మీద కోపం, గ్లాసుడు మజ్జిగకి కరిగిపోయిన మా అమ్మ మీద అంతకన్నా కోపం. లారీలో నా పక్కన మహారాణిలా కూర్చోవలసిన మనిషి, ఎవరి అరుగో చాలనుకుంది. నన్ను అడగనైనా అడగలేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా.

మావకి రానని కబురు పెట్టాను. ఆ సీటు ఎవడో టెక్కలి కుర్రాడికి పోయింది. అమ్మ మాటకి మెత్తబడి వదులుకున్నానని మావ అనుకున్నాడు. నా కోపం అలాగే ఉంది, కాని ఆవిడ మాట కాదని లారీ ఎక్కితే, ఆ ఊళ్ళల్లో ఆవిణ్ణి మళ్ళీ గుమ్మం బయట నిలబెడతారు. అది నా చేతుల మీదుగా జరగడం నాకు ఇష్టం లేకపోయింది.

వైశాఖంలో ఒక మిట్టమధ్యాహ్నం. చీపురుపల్లి వైపు నుంచి శ్రీకూర్మం చూడడానికి వచ్చిన యాత్రికులతో బస్సు కిక్కిరిసి ఉంది. ఊరు దాటాక చెట్టూ చేమా లేని ఆ బయలులో, రోడ్డు పక్క గంప ముందు పెట్టుకుని అమ్మ కూర్చుని ఉంది. ఆ రోజు తెప్పలు పొద్దెక్కాక గాని ఒడ్డుకి రాలేదు, చేపలింకా అమ్ముడుపోలేదు. నిండు గంప ఒక్కసారి కిందికి దిగితే, మళ్ళీ నెత్తికెక్కడానికి రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. ఆ ఎండలో రోడ్డు మీద ఇంకెవరూ లేరు. ఎంతసేపటి నుంచి అలా కూర్చుందో. బస్సు చూసి కూడా చెయ్యి ఎత్తలేదు. కొంగు మొహం మీదికి లాక్కుంది.

నేను బ్రేకు వేశాను. ఓనరు లేడు, గీనరు లేడు, ఇవాళ ఎక్కించుకు తీరతాను, ఏమైతే అదే అవుతుంది అని దిగి వెళ్ళాను. కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. ఆవిడ ఆ తలల వంక చూసింది. లేచి నిలబడి, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది.

"ఎక్కు," అన్నాను.

"డ్రైవరు బాబూ, ఈ గంప కాసింత ఎత్తీండి," అంది, బస్సులో అందరికీ వినబడేలా. "మీకు పున్నెముంటాది. మీరెల్లిపొండి బాబూ, జనానికి ఆలీసమైపోతన్నాది."

ఆవిడ కళ్ళు మాత్రం నన్ను బతిమాలుతున్నాయి. నేను కదలకపోతే ఆవిడ చేతులెత్తి దణ్ణం పెట్టేలా ఉంది. వంగి, ఒక పక్క నేను, ఒక పక్క ఆవిడ పట్టుకుని, గంప ఎత్తాను. నా చేతులతోనే దాన్ని ఆ మెడ మీద పెట్టాను. బరువుకి ఒక్క క్షణం మోకాళ్ళు వంగి, మళ్ళీ నిలదొక్కుకుంది. చేపల నీరు నా కాకీ చొక్కా మీద, బిళ్ళ మీద కారింది.

వచ్చి సీట్లో కూర్చున్నాను. నా వెనక సీట్లో ఒక పెద్దావిడ, తడి చొక్కా చూసి కూడా ముక్కు మూసుకోలేదు. మెచ్చుకుంది.

"ఎంత మరేద తెలిసిన మనిసి బాబూ! మరొకతయితే బస్సెక్కించమని రాగం తీసీది."

"ఆవిడ మా అమ్మ," అన్నాను.

ఆవిడ నవ్వేసింది. "ఊరుకోండి బాబూ, ఏలాకోలాలు. కన్నతల్లయితే కొడుకుని మీరంటాదేటి?"

పక్కవాళ్ళు కూడా నవ్వారు. కండక్టరుకి నిజం తెలుసు. ఆయన నా మొహం చూడకుండా, తాడు లాగి బెల్లు కొట్టాడు.